జీపు కొన్న మేనకోడలు పిల్లకి

అమ్మాయ్,

నువ్వు 1944 నాటి విల్లీస్ జీపు కొన్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అంతా నీ పోలికే, నువ్వే చెడగొట్టావు" అని గంటసేపు వాయించింది. పైకి ఊఁ కొట్టాను గానీ, ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య చేత పాయసం చేయించుకున్నాను. సుగరు సంగతి తర్వాత.

గేర్ బాక్సులో ఆయిల్ నువ్వే పోస్తానన్నావట. సంతోషం. బండి కాస్త తిప్పి తెచ్చి, గోరువెచ్చగా ఉండగా, చదును నేల మీద పెట్టి చూడు. పక్కనున్న బిరడా విప్పి వేలు పెడితే కన్నం అంచు దగ్గరే ఆయిల్ తగలాలి. తగలకపోతే అంచు దాకా పోసి, ఎక్కువైంది కారనిచ్చి బిగించు. గేర్ బాక్సు మొత్తానికి ముప్పావు లీటరు కూడా పట్టదు. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టు. పైన పోయకు, అంతా దించెయ్.

కొట్టువాడు ఖరీదైనదని జీఎల్-5 రకం గేర్ ఆయిల్ అంటగడతాడు. వద్దు. రెండో గేరుకీ మూడో గేరుకీ లోపల ఇత్తడి రింగులున్నాయి, ఆ ఆయిల్‌లోని గంధకం వాటిని మెల్లగా తినేస్తుంది. జీఎల్-4, 90 నంబరు అడుగు.

ఇక అసలు సంగతి. గేర్ బాక్సు వెనకే ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది, ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టె. దాని ఆయిల్ వేరు, దాదాపు లీటరున్నర. దాని బిరడా వేరు. రెండిటికీ మధ్య సీలు అరిగితే ఇందులోది అందులోకి పోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

1979లో విజయనగరం షెడ్డులో పని చేస్తున్నాను. ఒక కాంట్రాక్టరు డిస్పోజల్‌లో, అంటే మిలిటరీ వాళ్ళు వదిలించుకునే పాత బళ్ళ అమ్మకంలో, కొన్న జీపు నా చేతి మీదే నడిచేది. రెండు నెలల్లో మూడుసార్లు గేర్ బాక్సులో ఆయిల్ తగ్గింది, మూడుసార్లూ పోశాను. నేల మీద మరక లేదు. పోసిందంతా ఎటు పోతోందని ఒక్కసారీ అనుకోలేదు. ఇరవై ఒక్కేళ్ళ వయసు, అన్నీ తెలుసన్న పొగరు. ఆ ఆయిల్ ట్రాన్స్‌ఫర్ కేసులో నిండి, వెనక సీలు దాటి, అక్కడే డ్రమ్ము చుట్టూ ఉండే హ్యాండ్ బ్రేకు పట్టీని నానబెట్టింది. ఈ జీపుకి హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదమ్మా, అక్కడుంటుంది.

అనంతగిరి ఎక్కుతుంటే బండి వేడెక్కింది. ఇంజన్ ఆపకుండా న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, నీళ్ళ డబ్బా పట్టుకుని దిగాను. లోపల ఎనిమిదేళ్ళ మీ అమ్మ, ఒళ్ళో జామకాయలు. నాలుగడుగులు వేశానో లేదో టైర్ల కింద గులకరాళ్ళు కరకరమన్నాయి. తిరిగి చూస్తే బండి వెనక్కి పోతోంది. ఒక పక్క లోయ. డబ్బా వదిలేసి పరిగెత్తాను, అందలేదు. స్టీరింగు కొండవైపు తిరిగి ఉండబట్టి వెళ్ళి మట్టిగట్టుకు ఆనుకుంది. మీ అమ్మ చప్పట్లు కొట్టి "అన్నయ్యా, మళ్ళీ!" అంది. నేను ఆడిస్తున్నాననుకుంది. ఇప్పటికీ అదే అనుకుంటోంది, అలాగే అనుకోనీ.

అందుకని, ఒక బిరడా విప్పితే రెండోదీ విప్పి చూడు. ఇక్కడ తగ్గి అక్కడ పొంగుతుంటే పోయడం ఆపి సీలు మార్పించు. ఎంత పోశావో, ఏ తారీఖునో రాసి పెట్టుకో. హ్యాండ్ బ్రేకుని నమ్మి కింద దూరకు. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు, మొదటి గేరులో వెయ్యి. మీ అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద మాత్రం చేశావంటే, వచ్చి చెవి మెలేస్తాను. మీ వాచ్‌మన్‌ని పక్కన నిలబెట్టుకో.

అన్నట్టు, బోల్టుల తలల మీద 'ఎఫ్' అని ముద్ర ఉందేమో చూడు. ఉంటే అవి ఫోర్డు వాళ్ళ బోల్టులు, విల్లీస్‌తో పాటు వాళ్ళూ ఇదే జీపు చేశారు. డిస్పోజల్ బళ్ళలో రెండు కంపెనీల భాగాలూ కలిసిపోవడం మామూలే, నిన్ను మోసం చేశారని గొడవకి పోకు.

శనివారం పొద్దున్న చేస్తావట కదా. కింద దూరే ముందొక ఫోను, బయటికొచ్చాక ఒక ఫోను. రెండోది వచ్చేదాకా నేను కాఫీ ముట్టను.

మీ మావయ్య