ఎన్నారై సందేహాలు: రక్తం పలుచబరిచే మందు మార్చుకునే ముందు

హైదరాబాదులోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి రక్తం పలుచబరిచే ఎసిట్రాం మాత్రలు వేసుకుంటూ అమెరికా వచ్చినవారికి మొదటి రెండు మూడు నెలల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ మందు ఇక్కడ ఏ మందుల షాపులోనూ దొరకదు. డబ్బా మీద ఎసినోకుమరాల్ అని ఉన్నా, పాత పేరుతో నికుమలోన్ అని ఉన్నా ఒకటే మందు, అది అమెరికాలో అమ్మకానికి లేదు. తెచ్చుకున్న స్ట్రిప్పులు అడుగంటే వేళకు ఇక్కడి డాక్టరు అపాయింట్‌మెంటు దొరకక, కొందరు ఇక్కడ దొరికే వార్ఫరిన్ అనే మందును అదే మోతాదులో రాయించుకుని ఊరుకుంటారు. ఇది ప్రమాదకరమైన పొరపాటు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మందులే అయినా, ఒకే ఫలితానికి వార్ఫరిన్ మోతాదు ఎసిట్రాం కంటే చాలామందిలో సుమారు రెట్టింపు దాకా ఉండాలి. రెండు మిల్లీగ్రాముల ఎసిట్రాంకు బదులు రెండు మిల్లీగ్రాముల వార్ఫరిన్ వేసుకున్న మనిషికి మందు వాడుతున్నానన్న ధైర్యం తప్ప తగిన రక్షణ ఉండదు. మార్చిన మొదటి వారాల్లో రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో అంకెలో చూపే ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకుంటూ మోతాదు సరిచూసుకోవలసిందే.

ఈ విషయం మీద నాకు ఉన్న అర్హత డిగ్రీతో వచ్చింది కాదు. న్యూజెర్సీ వచ్చి ఇరవై రెండేళ్లయింది, అందులో పదిహేడేళ్లుగా రక్తం పలుచబరిచే మందుల మీదే ఉన్నాను. రెండు గర్భాలు నిలవకుండా పోయిన తరువాత ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టినప్పుడు, నాకున్నది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోం అని తేలింది. లండన్‌లో డాక్టర్ గ్రాహం హ్యూస్ 1983లో దీని సంగతి వివరంగా రాశారు కనుక దీనిని హ్యూస్ సిండ్రోం అని కూడా అంటారు. శరీరం తనకు వ్యతిరేకంగా తానే తయారుచేసుకునే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం అనవసరంగా గడ్డకట్టడం దీని స్వభావం. కనుక నేను చెప్పేది ఒక రోగి అనుభవంగానే చదవండి, మోతాదులు మాత్రం మీ డాక్టరే నిర్ణయించాలి.

కొత్తగా వచ్చినవారు నన్ను ఎక్కువగా అడిగేది, "వార్ఫరిన్ మానేసి కొత్త మాత్రలకు మారిపోవచ్చా?" అని. దానికి ముందు నేను అడిగేది, "మీకు గడ్డ ఎందుకు కట్టిందో కాగితం మీద ఉందా?" అని. మోకాలి ఆపరేషన్ తరువాత మంచం మీద ఉండగా ఒక్కసారి గడ్డకట్టినవారి దారి వేరు, ఏ కారణమూ కనిపించకుండా రెండోసారి కూడా గడ్డకట్టినవారి దారి వేరు, పుట్టుకతో రక్తం గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ వంటివి తక్కువగా ఉన్నవారి దారి వేరు, నాలాంటివారి దారి పూర్తిగా వేరు. మొదటి వర్గంలో చాలామందికి మూడు నెలల వైద్యం సరిపోతుంది, మిగిలినవారిలో చాలామందికి ఏళ్ల తరబడి, కొందరికి జీవితాంతం అవసరమవుతుంది. మన ఆసుపత్రుల డిశ్చార్జి కాగితాల మీద చాలాసార్లు "డీవీటీ" అని మూడక్షరాలు మాత్రమే ఉంటాయి. అది జరిగినదాని పేరు, అంటే కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టిందని, దానికి కారణమేమిటో అందులో ఉండదు. విమానం ఎక్కకముందే కారణం తెలిపే పరీక్షల రిపోర్టులు, పాత ఐఎన్ఆర్ చీటీలు, కాలిలో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ వివరం సంపాదించి ఫోనులో ఫోటోలుగా పెట్టుకోవడం మంచిది. ఇక్కడ అవే పరీక్షలు మళ్లీ చేయించాలంటే, మందు వాడుతుండగా కొన్ని పరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. ముఖ్యంగా నా జబ్బు యాంటీబాడీలను పట్టే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష కొత్త మాత్రలు వాడేవారిలో లేనిది ఉన్నట్టు చూపవచ్చు. పైగా ఆ యాంటీబాడీలు ఒకసారి కనిపిస్తే చాలదు, కనీసం 12 వారాల తరువాత మళ్లీ చేసినప్పుడు కూడా ఉంటేనే జబ్బు ఉన్నట్టు నిర్ధారిస్తారు.

కొత్త మాత్రలంటే డబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్, ఎడాక్సబాన్ అనే నాలుగు. 2010 నుంచి ఒకటొకటిగా ఇక్కడ అనుమతి పొందాయి. ఐఎన్ఆర్ పరీక్షలు అక్కరలేదు, ఆకుకూరల లెక్క అక్కరలేదు, వేసుకున్న కొద్ది గంటల్లోనే పని మొదలవుతుంది. మామూలు డీవీటీ వచ్చినవారిలో ఎక్కువమందికి ఇవే మొదటి ఎంపిక, అది న్యాయమే కూడా. అపిక్సబాన్ మొదటి 7 రోజులు 10 మిల్లీగ్రాములు, ఆ తరువాత 5 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలా వేసుకోవాలి. రివరాక్సబాన్ మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఆపైన 20 మిల్లీగ్రాములు ఒక్క పూట. అయితే ఆ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. శనివారం ఒంటిపూట ఉండేవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉండే స్త్రీలకు అపిక్సబాన్‌తో పోలిస్తే రివరాక్సబాన్‌తో అది ఇంకా పెరగడం ఎక్కువ కనుక, ఆ సంగతి కూడా సిగ్గుపడకుండా అడగండి. ఈ మాత్రలు మరిచిపోయేవారికి పనికిరావు. వార్ఫరిన్ ఒక పూట తప్పినా దాని ప్రభావం కొన్ని రోజులు ఒంట్లో ఉంటుంది, వీటిది ఒక రోజు గడిస్తే దాదాపు పోయినట్టే.

నాలాంటివారి దగ్గర మాత్రం సౌకర్యం చూసి మందు మార్చకూడదు. మూడు రకాల యాంటీబాడీలూ ఉన్న యాంటీఫాస్ఫోలిపిడ్ రోగుల మీద ఇటలీలో జరిగిన ట్రాప్స్ అనే పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. రివరాక్సబాన్ వేసుకున్న 59 మందిలో 7 మందికి పక్షవాతమో గుండెపోటో వచ్చింది, వార్ఫరిన్ వేసుకున్న 61 మందిలో ఒక్కరికీ రాలేదు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మరుసటి ఏడాది ఐరోపా మందుల సంస్థ ఇటువంటి రోగులకు కొత్త మాత్రలు ఇవ్వవద్దని హెచ్చరించింది.

ఇదంతా నేను తెలివిగా ముందే చదువుకుని తెలుసుకున్నది కాదు. ఉద్యోగం మారినప్పుడు ఇన్సూరెన్సు మారింది, దానితో డాక్టరూ మారారు. కొత్త డాక్టరు పది నిమిషాల్లో నా మందుల జాబితా చూసి, "ఇంకా పాత మందేనా?" అని నవ్వి, రోజుకొకటి వేసుకునే మాత్ర రాసిచ్చారు. నెలనెలా సూదిపోటు తప్పిందని నేనూ సంతోషించాను. ఆరో వారంలో ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ నిలబడితే ఎడమ పిక్క బిగుసుకుపోయింది, కుడికాలి సాక్సు వదులుగా ఉంది, ఎడమకాలిది చర్మంలోకి దిగి గీత పడింది. ఎమర్జెన్సీలో స్కాన్ తీస్తే కొత్త గడ్డ. నా ఫైలులో ఆ జబ్బు పేరు ఉంది, ఆయన చదవలేదు, నేను గుర్తుచేయలేదు. మళ్లీ వార్ఫరిన్‌కు తెచ్చిన రక్త వ్యాధుల డాక్టరు (హెమటాలజిస్టు), ఇకమీదట ఎవరు మందు మార్చబోయినా మొదటి వాక్యంగా జబ్బు పేరు చెప్పమన్నారు. అప్పటి నుంచి పళ్ల డాక్టరుకు కూడా అదే మొదటి వాక్యం.

వార్ఫరిన్ మీద మనవాళ్లకు ఉన్న భయాల్లో సగం ఎలుకల మందు కథ వల్ల వచ్చాయి. మా బాబాయి గారు నేటికీ ఫోనులో, "ఎలుకల మందు వేసుకుంటున్నావటే అమ్మా?" అని అడుగుతారు. అబద్ధం కాదు. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిని పశువులు రక్తం కారి చనిపోతుంటే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని కనిపెట్టింది. దాని దారిలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. మోతాదును బట్టి అది విషమో మందో అవుతుంది, ఆ మోతాదును పట్టి చూపేదే ఐఎన్ఆర్. ఎక్కువమందికి అది 2, 3 మధ్య ఉండాలి. ఇక్కడ ఏ కంపెనీ తయారుచేసినా మాత్ర రంగును బట్టి మోతాదు చెప్పవచ్చు: 1 మిల్లీగ్రాము గులాబీ, 2 లేత ఊదా, 5 పీచు పండు రంగు, 10 తెలుపు. అరచేతిలో ఎప్పటి రంగు కాకుండా వేరే రంగు కనిపిస్తే వేసుకోకుండా షాపుకు ఫోను చేయండి.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని చెప్పేవారి మాట వినకండి. వాటిలోని విటమిన్ కె వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది, నిజమే. వంద గ్రాముల పచ్చి పాలకూరలో అది 480 మైక్రోగ్రాముల దాకా ఉంటే, తోటకూరలో 1100 దాటుతుంది. కాని మందు మోతాదు మీ రోజువారీ తిండిని బట్టే కుదురుతుంది కనుక, వారానికి రెండుసార్లు ఆకుకూర పప్పు తినే అలవాటుంటే ఎప్పుడూ రెండుసార్లే తినండి. తెనాలి వెళ్లిన వేసవిలో మా అత్తగారు పెరట్లో మునగాకు, తోటకూర ఉన్నాయని రోజూ ఏదో ఒకటి వండిపెట్టారు, మూడో వారానికి నా ఐఎన్ఆర్ 1.5కు పడిపోయింది. కార్తీక మాసంలో ఉపవాసాలు ఎక్కువై అదే 4.6కు ఎగబాకింది. ఇంట్లో వేలి మీద పొడిచి చూసుకునే మీటర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, కాని యాంటీఫాస్ఫోలిపిడ్ రోగుల్లో కొందరికి అవి తప్పు అంకె చూపుతాయి. మొదట నరం నుంచి తీసిన రక్తంతో పోల్చి చూసిన తరువాతే నమ్మాలి.

పిల్లలు కావాలనుకునేవారు ఈ పేరా మళ్లీ చదవండి. వార్ఫరిన్ గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య. కొత్త మాత్రలు కూడా గర్భిణులకు ఇవ్వరు. గర్భం నిలిచిందని తెలిసే లోపే నష్టం జరగవచ్చు కనుక, ప్రయత్నం మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి. నాకు తొమ్మిది నెలలూ రోజుకు రెండుసార్లు రక్తం పలుచబరిచే ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లు, దానితో 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్. ఇండియాలో 75 మిల్లీగ్రాములు ఉండేది ఇక్కడ 81. మా ఆయన భోజనాల బల్ల దగ్గర నా పొట్ట మీద చర్మం పట్టుకుని పొడిచేవారు, పొట్టంతా నీలం మచ్చలు. ఆ ఇంజెక్షన్ మందు పంది పేగుల పొర నుంచి తీస్తారన్న సంగతి, కాన్పుకు వచ్చిన మా అమ్మకు బిడ్డ ఇరవై ఒకటో రోజు దాకా చెప్పలేదు. విన్న తరువాత ఆవిడ కాసేపు ఊరుకుని, ఉయ్యాల వైపు చూసి, "సరేలే" అంది. పాలిచ్చేటప్పుడు మళ్లీ వార్ఫరిన్ వేసుకోవచ్చు.

ఖర్చు విషయం త్వరగా చెప్పేస్తాను. వార్ఫరిన్ నెలకు కొన్ని డాలర్లే, అపిక్సబాన్ ధర ఇన్సూరెన్సు లేకుండా నెలకు వందల డాలర్లు. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు చెల్లించే ముందు మన జేబులోంచి కట్టే మొత్తం, పెద్దదైన ప్లాను తీసుకున్నవారికి జనవరిలో ఆ మొత్తం మీద పడుతుంది. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నవారికి మందుల కంపెనీలు ఇచ్చే కోపే కార్డులు మన వాటాను కొంత తగ్గిస్తాయి. ఇండియాలో చవక కదా అని పార్సిలులో తెప్పించుకోవడం ఇక్కడి చట్టానికి సాధారణంగా విరుద్ధం. వచ్చేటప్పుడు మీ సొంత వాడకానికి, తొంభై రోజులకు మించకుండా, అసలు ప్యాకింగుతో, ఇంగ్లీషు ప్రిస్క్రిప్షనుతో తెచ్చుకోండి.

చివరిగా, మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటుంది. గ్రీన్‌కార్డు మెడికల్‌లో టీబీ రక్తపరీక్ష చేస్తారు, ఇండియాలో పెరిగిన మనలో చాలామందికి అది పాజిటివ్ వస్తుంది. జబ్బు లేకపోయినా నిద్రాణమైన టీబీకి రిఫాంపిన్ నాలుగు నెలలు, లేదా రిఫాపెంటిన్ ఉన్న కోర్సు మూడు నెలలు రాస్తారు. ఆ రెండూ కాలేయాన్ని ఉసిగొల్పి వార్ఫరిన్‌ను వేగంగా ఖర్చు చేయిస్తాయి, కొత్త మాత్రల బలాన్నీ బాగా తగ్గిస్తాయి. మొదటి మాత్ర మింగకముందే మీ రక్తం మందు రాసే డాక్టరుకు ఫోను చేయండి. వార్ఫరిన్ మీద ఉంటే వారం వారం ఐఎన్ఆర్ చూస్తూ మోతాదు పెంచుతారు. కోర్సు అయిపోయాక కొద్ది వారాల్లో ఆ ప్రభావం తగ్గిపోతుంది కనుక, పెంచిన మోతాదు అలాగే వేసుకుంటూ పోతే ఈసారి రక్తస్రావం వైపు జారుతారు. అందుచేత టీబీ మందు ఆపిన తేదీని కూడా క్యాలెండరులో రాసుకుని, ఆ వారమే మళ్లీ ఫోను చేయండి.