బంగారం బీరువాలోనే ఉంచండి, నలుగురు పిల్లలతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది కర్నూలు, సి.క్యాంపు దగ్గర. నా వయసు 34. ప్రైవేటు బడిలో ఏడేళ్లు ఎల్‌కేజీ టీచరుగా చేశాను, నెలకు 9,000 ఇచ్చేవాళ్లు. చిన్నోడు పుట్టాక మానేశాను. ఇప్పుడు మా పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. మావారికి ప్రైవేటు కంపెనీలో 28,000 జీతం, పీఎఫ్ ఉంది. ఇల్లు మామగారి పేరు మీద ఉంది, అత్తగారు మాతోనే ఉంటారు. పెద్దాసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులు, ఒక బ్యాంకు ఉద్యోగిని, ఒక సచివాలయం అమ్మాయి తమ పిల్లల్ని పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా చూసుకుంటే నెలకు 3,000 ఇస్తామంటున్నారు. ఇంట్లోనే పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలని ఉంది. హాలుకు ఏసీ, రంగులు, జారుడుబండ, బొమ్మలు, బోర్డు, అన్నీ కలిపి 3 లక్షలు అవుతాయని లెక్క వేశాం. నా 6 తులాల బంగారం కుదువ పెట్టమంటారా? నెలకు 5,000 కట్టే లక్ష రూపాయల చీటీ ఉంది, ఇంకా 8 నెలలు మిగిలింది. దాన్ని ఇప్పుడే పాడుకోవాలా? బ్యాంకులో 70,000 ఉన్నాయి. బాగా నడిస్తే మావారు కూడా ఉద్యోగం మానేసి నాకు తోడుంటానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, కేంద్రం పెట్టండి. బంగారం మాత్రం కుదువ పెట్టకండి. చీటీ పాడుకోకండి. మీవారిని ఉద్యోగం మానొద్దని చెప్పండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు వేసిన లెక్కలో ఏసీ ఉంది, జారుడుబండ ఉంది, మీ శ్రమకు ఖరీదు మాత్రం ఎక్కడా లేదు.

ముందు ఫీజు సంగతి చూద్దాం. 3,000కి ఒప్పుకుంటే ఏమవుతుందంటే, నలుగురు పిల్లలకు నెలకు 12,000 వస్తుంది. సాయంత్రం చిరుతిండికి 1,000, పెరిగే కరెంటు బిల్లు 1,500, సబ్బులు ఫినాయిలు 700, గ్యాసు 500, పగిలేవాటికీ చిరిగేవాటికీ 1,000. మొత్తం 4,700. అత్తగారికి మీ చేత్తో ఒక 1,000 ఇవ్వండి, దాని సంగతి తర్వాత చెబుతాను. మీకు మిగిలేది 6,300. రోజుకు 9 గంటల చొప్పున 26 రోజులంటే 234 గంటల పని, గంటకు 27 రూపాయలు. బడిలో మీకు 9,000 తక్కువే అనిపించి ఉంటుంది, కానీ రోజుకు 7 గంటలు పనిచేశారనుకున్నా అక్కడ గంటకు 49 దాకా పడింది. అదే 4,000 చొప్పున తీసుకుంటే నలుగురితో 10,300 మిగులుతుంది, గంటకు 44. అప్పటికీ బడి జీతం కంటే తక్కువే, కానీ ఇంట్లోనే ఉంటారు, మీ పిల్లలు బడి నుంచి వచ్చేసరికి గడపలో మీరుంటారు. అందుకని మీ ఫీజు 4,000. దీనికి తగ్గొద్దు.

తెలిసినవాళ్ల దగ్గర అంత ఎలా అడగాలని మీకు మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటం రెండో వైపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అమ్మాయి చిన్నప్పుడు మేమిద్దరం ఉద్యోగాలకు పోతూ పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలేవాళ్లం. ఆమె మా పాపకు అన్నం తినిపించింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది. మేం నెలనెలా ఆమె చేతిలో పెట్టింది ఇంత అని చెప్పుకోవడానికి ఈరోజుకీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఆమె నోరు తెరిచి అడగలేదు, మేం మా అంతట ఇవ్వలేదు. మీ దగ్గరికి వచ్చే ఆ నలుగురు తల్లులు చెడ్డవాళ్లు కారు, అప్పుడు మేమున్నట్టే ఉన్నారు. నోరు తెరవాల్సింది మీరే. ఒకరు వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపులమ్మా మీవి. ఉద్యోగం చేసే తల్లులకు అక్కడ కొదవ రాదు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. నలుగురిని మీరు, అత్తగారు కలిసి చూసుకోవచ్చు. ఐదో బిడ్డ, ఆరో బిడ్డ వచ్చేసరికి ఆయాను పెట్టుకోవాలి. ఆమె జీతం 9,000 అనుకుందాం. ఆరుగురితో ఫీజు 24,000 వస్తుంది. ఆయాతో కలిపి ఖర్చు 15,000, అత్తగారికి 1,000. మీకు మిగిలేది 8,000. అంటే ఇద్దరు పిల్లలు పెరిగారు, మీ చేతికొచ్చే డబ్బు 2,300 తగ్గింది! ఎనిమిది మంది అయితే ఫీజు 32,000, ఖర్చు 16,000, అత్తగారికి 1,000, మిగులు 15,000. అప్పుడు గంటకు 64 పడుతుంది. అదే ఎనిమిది మందిని 3,000 చొప్పున తీసుకుని ఉంటే మీకు 7,000 కూడా కష్టంగానే మిగిలేది.

ఇలా మొదలుపెట్టిన చాలామంది ఆ ఆరుగురి దగ్గరే ఇరుక్కుంటారు. పిల్లలు నిండుగా కనిపిస్తుంటారు, నెలాఖరుకు చెయ్యి ఖాళీగా ఉంటుంది, ఎక్కడ పోతోందో అర్థం కాదు. ఆయాకు జీతం తగ్గించి ఆ లోటు పూడ్చబోతారు, ఆమె రెండు నెలల్లో మానేస్తుంది. మీరు నలుగురి దగ్గర ఆగండి. ఐదో తల్లి వస్తే పేరు రాసుకోండి. ముగ్గురు నలుగురు పేర్లు రాసుకున్నాక ఆయాను కుదుర్చుకుని ఒకేసారి ఎనిమిదికి పోండి. ఏడాదిన్నర లోపు బిడ్డను ఇద్దరి కింద లెక్కపెట్టండి, ఆ వయసు బిడ్డ ఒక మనిషి చేతుల్ని పూర్తిగా పట్టేసుకుంటుంది. ఎనిమిది దాటి తీసుకోవాలంటే మూడో మనిషి కావాలి, మళ్లీ అదే గుంట. అందుకే ఈ పనిలో ఆదాయానికి ఒక హద్దు ఉంది. హాలు ఎంత పెద్దదైనా పిల్లల్ని చూసే చేతులు ఎన్ని ఉంటే అంతే.

ఆదాయం ఇంతకంటే పెరగదని తెలిశాక 3 లక్షల అప్పును దాని పక్కన పెట్టి చూడండి. ఏడాదికి 10 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 9,680 కట్టాలి. నలుగురితో మీకు మిగిలే 10,300 మొత్తం ఆ కంతుకే సరిపోతుంది. మే నెలలో ఇద్దరు పిల్లలు అమ్మమ్మ ఊరికి పోతే కంతు కట్టడానికి మీవారి జీతంలో చెయ్యి పెట్టాలి. పైగా ఏ తల్లీ జారుడుబండ చూసి బిడ్డను వదలదమ్మా. ఆ నలుగురూ మీ హాలును చూడకుండానే అడిగారు, మిమ్మల్ని చూసి అడిగారు.

మరి దేనికి ఖర్చు పెట్టాలి? మొదటి రూపాయి వాకిట్లో ఉన్న సంపు మూతకు. మన ఇళ్లలో సంపు మీద ఒక సిమెంటు పలకో, తుప్పు పట్టిన రేకో ఉంటుంది, నీళ్లొచ్చే పూట మోటారు కోసం తీసి అలాగే వదిలేస్తాం. ఇనుప మూత చేయించి తాళం వేయండి, తాళంచెవి మీ కొంగుకే ఉండాలి. బాత్రూములో బకెట్లు, డ్రమ్ములు నిండుగా పెట్టడం ఈరోజు నుంచే మానేయండి, రెండేళ్ల బిడ్డకు బకెట్టు నీళ్లు కూడా ప్రమాదమే. మిద్దె మెట్లకు కింద ఒక చిన్న గేటు, వంటింటి గుమ్మానికి సగం తలుపు. ఇవన్నీ వెల్డింగు షాపులో 10,000 లోపు అవుతాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కింద ఉన్న ప్లగ్గులు మూయించి, షాక్ కొడితే కరెంటు దానంతటదే ఆగిపోయే బ్రేకరు పెట్టించండి, 4,000. ఏసీ బదులు కూలరు, 9,000. దాన్ని కిటికీ బయట స్టాండు మీద పెట్టండి, లోపల పెడితే పిల్లల వేళ్లు, నీళ్లు, కరెంటు ఒకచోట చేరతాయి. చాపలు, దిండ్లు, కొన్ని బొమ్మలకు 6,000. ప్రథమ చికిత్స పెట్టె, థర్మామీటరు 1,000. మొత్తం 30,000. మిగతా 40,000 బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఇన్వర్టరు, రెండు సీసీ కెమెరాలు మూడో నెల నుంచి వచ్చే మిగులుతో కొనండి, ఇన్వర్టరు మాత్రం మన ఎండలు ముదిరేలోపు రావాలి. గోడలకు రంగులు నా లెక్కలో అన్నిటికంటే చివరివి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తల్లులే పంపాలి. మీరు రాగిజావ, అరటిపండు, మెత్తగా చేసిన బొరుగుల ఉగ్గాని లాంటివి పెట్టండి. శెనక్కాయ గింజలు మాత్రం ఆ హాలులోకి రానివ్వొద్దు, పసిపిల్లల గొంతుకు అడ్డం పడతాయి.

అత్తగారి సంగతి. మీ లెక్కంతా ఆమె ఇంట్లో ఉండడం మీద నిలబడి ఉంది. మీరు బాత్రూముకు పోయినా, ఒక బిడ్డ వాంతి చేసుకున్నా, మిగతా ముగ్గురి మీద కన్నేసేది ఆమే. అందుకే ఆ 1,000. అది జీతం కాదు, ఆమె పనిని మీరు గుర్తించారని చెప్పే మాట. అంతకంటే ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి: ఆమె మోకాళ్లు, మధ్యాహ్నం నిద్ర, సీరియల్ టైము, వీటన్నిటితో ఇది కుదురుతుందా అని. ఆమె మనసులో వద్దని ఉంటే మొదటి రోజు నుంచే ఆయా కావాలి, అప్పుడు నలుగురితో నడవదు. ఇల్లు మామగారి పేరు మీద ఉంది కాబట్టి ఆయనతో ఒక అంగీకార పత్రం రాయించుకోండి. మరుదులుంటే వాళ్లకూ ఇప్పుడే చెప్పండి.

తల్లులతో డబ్బు మాట మొదటి రోజే, కాగితం మీద. ఒక నెల ఫీజు అడ్వాన్సు, బిడ్డ మానేసే రోజు తిరిగి ఇచ్చేస్తారు. నలుగురివి కలిపి 16,000 అవుతుంది, అది వాళ్ల డబ్బు, విడిగా ఉంచండి. ఫీజు 5వ తేదీలోపు. బిడ్డ వారం రాకపోయినా నెల ఫీజు మారదు, ఎందుకంటే ఆ చోటు మీరు వేరే ఎవరికీ ఇవ్వలేదు. మే నెలలో రాని పిల్లలకు సగం. ఆరు దాటాక ప్రతి అరగంటకు 50. నర్సుల షిఫ్టులు మారుతుంటాయి, ఆ వారం వేళలు ఆదివారమే చెప్పమనండి. రాత్రి డ్యూటీకి పిల్లల్ని తీసుకోవద్దు, ఎంత బతిమాలినా సరే. ప్రతి జూన్‌లో ఒకరిద్దరు ఎల్‌కేజీకి పోతారు. ఆ ఖాళీని బడి వదిలాక 6 దాకా ఉండే యూకేజీ, ఒకటో తరగతి పిల్లలతో నింపండి. హోంవర్కు చేయించే టీచరు దగ్గరుంటే వాళ్లకు సగం ఫీజు ఎక్కువ అనిపించదు, మీ ఏడేళ్ల అనుభవానికి విలువ కట్టేది అక్కడే.

చీటీ నడవనివ్వండి. ఎనిమిది నెలల ముందు పాడుకుంటే తోపు కింద, అంటే పాటలో వదులుకునే మొత్తం కింద, పోయేది మీ సొమ్మే. చివర్లో వచ్చే మొత్తంలో 60,000 ఇంటి అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. ఆ చీటీ రిజిస్టరైన కంపెనీది కాకుండా తెలిసినవాళ్లు నడిపేదైతే, ఇది అయ్యాక మళ్లీ కొత్తది ఎత్తుకోకండి.

కాగితాల పని తేలికే. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, డబ్బు కట్టమని అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. వార్డు సచివాలయంలో ట్రేడ్ లైసెన్సు, ఇంటిపన్ను గురించి, కరెంటాఫీసులో మీటరు కేటగిరీ గురించి ముందే అడగండి, తర్వాత జరిమానా పడడం కంటే అది మేలు. కేంద్రం పేరుతో విడిగా బ్యాంకు ఖాతా, ఫీజులన్నీ క్యూఆర్ కోడ్ మీదే. సేవలకు జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటితేనే, ఆ బెంగ మీకు అక్కర్లేదు. ఆదాయపు పన్ను కూడా కట్టాల్సింది రాదు, అయినా ఏటా రిటర్ను వేయండి. రేపు ఎనిమిది మందికి పెరిగేటప్పుడు డబ్బు కావలిస్తే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో శిశు అనే విభాగం కింద 50,000 దాకా పూచీకత్తు లేకుండా అడగొచ్చు, బ్యాంకు మేనేజరు చూసేది ఆ ఖాతానూ ఆ రిటర్నునూ. ఆయాను పెట్టుకునే ముందు పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి, ఎంత తెలిసిన మనిషైనా. ప్రతి బిడ్డకు ఒక పేజీ రాసి పెట్టుకోండి: డాక్టరు ఎవరు, ఏది పడదు, సాయంత్రం ఎవరికి అప్పగించొచ్చు.

ఎనిమిది మందితో ఏడాది నిలకడగా నడిచాక ఒక దారి ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పిల్లల సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలన్నారు. పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రులు తక్కువేం లేవు. అప్పటికి మీ కాగితాలు సరిగ్గా ఉంటే వాళ్లతో మాట్లాడొచ్చు.

ఇక మీవారి ఉద్యోగం. ఆయన 28,000 జీతమే మీ కేంద్రానికి అసలైన పెట్టుబడి. అది నెలనెలా వస్తుంది కాబట్టే మీరు 4,000 కంటే తక్కువకు ఒప్పుకోకుండా నిలబడగలరు, జ్వరంతో ఉన్న బిడ్డను ఈరోజు వద్దని చెప్పగలరు. ఎనిమిది మంది ఉన్నా వచ్చే 15,000 ఆ జీతానికి సాటి రాదు, అందులో పీఎఫ్ కూడా లేదు. ఆయన తోడుండాలనుకోవడం మంచి మనసు. శనివారం సాయంత్రం లెక్కపుస్తకం రాయడం, 5వ తేదీ దాటిన ఫీజులకు ఫోన్ చేయడం ఆయనకు అప్పగించండి. తల్లుల దగ్గర డబ్బు అడగడం మీకు కష్టంగా ఉంటే, ఆ ఒక్క పనీ ఆయన చేసినా మీకు సగం బరువు దిగుతుంది.