భువనేశ్వర్‌లో ఒక్క సాయంత్రం, ఏ బొమ్మలు చూడాలి?

ప్రశ్న: అక్కా, మాది గుణుపురం. వచ్చే నెలలో మా ఆడపడుచు గృహప్రవేశానికి భువనేశ్వర్ వెళ్తున్నాం. ఒక్క సాయంత్రం ఖాళీ దొరుకుతుంది. ఆర్ట్ గ్యాలరీలు చూడాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. మావారికీ పదేళ్ల పాపకీ బోర్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. లోపలికి వెళ్తే ఏదో ఒకటి కొనాలేమో అని మొహమాటం కూడా. ఎక్కడికి వెళ్లమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: కొనక్కర్లేదమ్మా, చూడ్డానికి వచ్చామని ముందే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సాయంత్రం అన్నారు కాబట్టి ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రభుత్వ మ్యూజియంలు అయిదు, అయిదున్నరకల్లా మూసేస్తారు, చాలా వాటికి సోమవారం సెలవు. అందుకని భోజనాలు అవగానే బయల్దేరి ముందు పోఖరీపుట్‌లో ఉన్న కళాభూమికి వెళ్లండి. 2018లో తెరిచిన హస్తకళల మ్యూజియం అది. పటచిత్రం (బట్ట మీద వేసే ఒడిశా సంప్రదాయ బొమ్మ), తాటాకు బొమ్మలు, మట్టి పని, నేత అన్నీ అక్కడే ఉంటాయి. చీకటి పడ్డాక యూనిట్-3లోని ఏకామ్ర హాట్. అక్కడ దుకాణాలు రాత్రి దాకా తెరిచే ఉంటాయి. ఈ రెండూ చాలు. మూడోది పెట్టుకుంటే ఆటోల్లోనే సగం సాయంత్రం పోతుంది. వరస కూడా మార్చొద్దు, ఎందుకంటే కొనమని ఎవరూ వెంటపడని చోట ముందు తీరిగ్గా చూస్తే, తర్వాత దుకాణంలో మంచి పని ఏదో మీ కళ్లకే తెలుస్తుంది.

పాపకి బోర్ కొట్టకుండా ఉండాలంటే సవరలనే కొండ గిరిజనుల బొమ్మల దగ్గర ఆపండి. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి సన్నగీతల్లో వందలకొద్దీ చిన్న చిన్న మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, కోతులు కనిపిస్తాయి. అందులో సైకిలు, రైలు, విమానం ఎక్కడున్నాయో వెతకమనండి. నిజంగానే ఉంటాయి, కొండ మీది మనుషులు లోకంలో చూసిన కొత్త వస్తువుల్ని కూడా బొమ్మలోకి తెచ్చుకున్నారు. ఇవి మహారాష్ట్ర వార్లీ బొమ్మల్లా ఉన్నాయే అని మీవారు అంటే తేడా చూపించండి. వార్లీలో ఒంటిని రెండు త్రికోణాలు కొనలు కలిపి గీస్తారు, నడుము సూదిలా ఉంటుంది. సవర బొమ్మలో ఆ విరుపు అంత గట్టిగా ఉండదు, మనుషులు సన్నగా సాగి ఉంటారు, చుట్టూ అంచు ముందు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ బొమ్మలు పుట్టింది మీ పక్కనే, గుణుపురం దాటి పుట్టాసింగి వైపు ఉన్న లాంజియా సవరల (సవరల్లో ఒక తెగ) ఊళ్లలో. ఇంటి గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలిపిన నీళ్లలో వెదురు పుల్ల ముంచి వేసేవాళ్లు, ఇంట్లో అందం కోసం కాదు. జబ్బు చేసినప్పుడు, పంట బాగా రావాలనుకున్నప్పుడు, చనిపోయిన పెద్దలు వచ్చి ఉండడానికి అదొక ఇల్లు. ఇప్పుడు సవరల్లో చాలామంది క్రైస్తవం తీసుకున్నాక గోడ మీద వేసేవాళ్లు తగ్గారు, బట్ట మీద, కాగితం మీద వేసి అమ్మేవాళ్లు పెరిగారు. లాంజియా సవర చిత్రకళకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. వాళ్ల మాట కోసం ఒక తెలుగు పెద్దమనిషి అంత కష్టపడ్డాడు, అదే కొండల పక్కన ఉంటూ వాళ్ల బొమ్మల్ని మాత్రం మనం భువనేశ్వర్ వెళ్లి చూస్తున్నాం. నాకది బాధగా ఉంటుంది. పాపకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

మీవారికి పేకాట సరదా ఉంటే గంజపా చూపించండి. గుండ్రటి పేకముక్కలు, బట్ట మీద చేత్తో రంగులు వేసినవి. దశావతారాల కట్టలో అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు, ప్రతి దానిలో ఒక రాజు, ఒక మంత్రి, మిగతావి ఒకటి నుంచి పది దాకా. ఏ గుర్తు ఏ అవతారానిదో పోల్చుకోవడంలోనే అరగంట గడిచిపోతుంది, ఇక ఆయన వెళ్దాం పదండి అనరు.

ప్రశ్న: పటచిత్రం అని అమ్మేవి కొన్ని ప్రింట్లే అంటున్నారు. ఎలా పోల్చుకోవాలి? బేరం ఆడొచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఫోన్ కెమెరాలో బాగా జూమ్ చేసి చూడండి. ప్రింట్ అయితే రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. చేత్తో వేసిన దాంట్లో నల్లగీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, కుంచె ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. వెనక్కి తిప్పి కూడా చూడండి, పాత పద్ధతిలో అయితే రెండు బట్టల్ని చింతగింజల జిగురుతో అంటించి, సుద్దపొడి పూసి, రాయితో రుద్ది నునుపు చేస్తారు, ఆ మందం చేతికి తెలుస్తుంది. తెలుపు శంఖం పొడితో, ఎరుపు ఇంగిలీకం అనే ఖనిజంతో, పసుపు హరిదళం అనే ఖనిజంతో, నలుపు దీపపు మసితో చేస్తారు. ఏ రంగు దేనితో చేశారని అడగండి, స్వయంగా వేసినవాళ్లయితే సంతోషంగా చెప్తారు. తాటాకు బొమ్మ అయితే ఇంకా తేలిక, గంటంతో (మొనదేలిన ఇనప పుల్లతో) గీకి ఆ గీతలో మసి రుద్దుతారు కాబట్టి మెల్లగా వేలు పెడితే గీత తగులుతుంది.

బేరం సంగతి. దుకాణదారుతో అయితే కొంచెం ఆడండి. వేసిన మనిషే ఎదురుగా కూర్చుంటే మాత్రం ముందు ఎన్నాళ్లు పట్టిందో అడగండి, నిండుగా పనిచేసిన పెద్ద పటానికి వారాలు పడుతుంది, అది విన్నాక సగం ధరకి ఇవ్వమని అడగడం నాకైతే తప్పనిపిస్తుంది. డబ్బు తక్కువ ఉంటే చిన్న బొమ్మ తీసుకోండి.

రైల్లో తెచ్చేటప్పుడు పటాన్ని మడవకండి, మడిచిన చోట రంగు పగిలి రాలుతుంది. గొట్టంలో వదులుగా చుట్టి, బొమ్మ వైపు బయటికి ఉండేలా పెట్టుకోండి. దారంతో కుట్టిన తాటాకు పటం మడతలు పడేలాగే చేస్తారు, దానికి ఈ బాధ లేదు, తడి తగలకుండా చూసుకుంటే చాలు.