గ్రాఫీన్ మీద లోహం: కాంటాక్ట్ రెసిస్టెన్స్ మైనస్‌లో వస్తే?

ప్రశ్న: రాగి రేకు మీద సీవీడీతో (వాయువుల నుంచి పొరని పెంచే పద్ధతి) పెంచిన గ్రాఫీన్‌ని (ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర) 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ మీదికి మార్చి, క్రోమియం-బంగారం కాంటాక్ట్‌లు వేశాం. చానెల్ వెడల్పు 5 మైక్రాన్లు, పొడవులు 4, 8, 16. టీఎల్ఎమ్ గీత (చానెల్ పొడవుని బట్టి రెసిస్టెన్స్ ఎలా మారుతుందో చూపేది) గీస్తే కాంటాక్ట్ రెసిస్టెన్స్ (లోహం, గ్రాఫీన్ కలిసే చోటి నిరోధం) మైనస్‌లో తేలింది. పొరపాటు ఎక్కడ?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీటర్‌ని అనుమానించకండి. అనుమానించాల్సింది ఆ గీతని. టీఎల్ఎమ్‌లో కొలిచిన మొత్తం రెసిస్టెన్స్ అంటే రెండు కాంటాక్ట్‌లు, వాటికి తోడు షీట్ రెసిస్టెన్స్‌ని (పొరలో ఒక చతురస్రపు ముక్క నిరోధం) పొడవుతో గుణించి వెడల్పుతో భాగిస్తే వచ్చేది. పొడవు సున్నా దగ్గర మిగిలేది రెండు కాంటాక్ట్‌ల విలువే. అయితే చానెళ్లన్నిటికీ షీట్ రెసిస్టెన్స్ ఒకటే అయితేనే ఈ లెక్క నిలుస్తుంది. బదిలీ చేసిన గ్రాఫీన్‌లో అది అరుదు.

లెక్క వేసి చూడండి. షీట్ రెసిస్టెన్స్ 600 ఓమ్‌లు, కాంటాక్ట్ 500 ఓమ్-మైక్రాన్లు అనుకుందాం. మీ వెడల్పుకి ఒక్కో కాంటాక్ట్ 100 ఓమ్‌లు, రెండూ కలిపి 200. మూడు చానెళ్లకీ వరసగా 680, 1160, 2120 రావాలి. 16 మైక్రాన్ల చానెల్లో ఒక మడతో చిరుగో ఉండి, దాని షీట్ రెసిస్టెన్స్ 10 శాతం పెరిగిందనుకోండి. 2120 కాస్తా 2312 అవుతుంది. గీత నిటారవుతుంది, 200 రావాల్సిన చోట 104 వస్తుంది. తేడా 20 శాతం దాటిందంటే సున్నా కిందికి పోతుంది. మీకు జరిగింది ఇదే అయివుండాలి. మైనస్ వచ్చింది కాబట్టి పట్టుబడింది. 104 వచ్చివుంటే ‘కాంటాక్ట్ బాగుంది’ అని సంతోషించేవాళ్లం!

అందుకే పొడవులు తగ్గించండి: 1, 1.5, 2, 3, 4, 6 మైక్రాన్లు. అన్నీ ఒకే పట్టీ మీద, ఆప్టికల్ మైక్రోస్కోప్‌లో మడతలు కనిపించని చోట. 1 మైక్రాన్ కన్నా దిగకండి. లోహం చేసే డోపింగ్ (గ్రాఫీన్‌లో క్యారియర్ల, అంటే కరెంట్ మోసే కణాల, సంఖ్యని మార్చడం) లోహం అంచు దగ్గర ఆగదు, కొన్ని వందల నానోమీటర్లు చానెల్లోకి పాకుతుంది. మరీ పొట్టి చానెల్ మొత్తం ఆ ప్రభావంలోనే పడుతుంది. లిఫ్ట్-ఆఫ్ (అక్కర్లేని లోహాన్ని ఊడదీయడం) అయ్యాక కాంటాక్ట్‌ల మధ్య అసలు ఖాళీ ఎంత ఉందో ఎస్ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కొలవండి. డ్రాయింగ్‌లో రాసిన దానికన్నా ప్రతి ఖాళీ 0.2 మైక్రాన్లు తక్కువుంటే, ఆ ఒక్క కారణానికే మీ లెక్కలో ఒక్కో కాంటాక్ట్‌కి 60 ఓమ్-మైక్రాన్లు మాయం. ఒక్క సెట్‌తో తేల్చకండి. పది సెట్లు కొలిచి మధ్యస్థ విలువ, దాంతోపాటు ఎంత అటూ ఇటూ ఉందో కూడా రాయండి.

ఇంకో సంగతి, చాలామంది వదిలేసేది. చానెళ్లన్నిటినీ ఒకే గేట్ వోల్టేజ్ (కింది సిలికాన్‌కి ఇచ్చే వోల్టేజ్) దగ్గర పోల్చకూడదు. ఒకదాని డిరాక్ పాయింట్ (రెసిస్టెన్స్ అత్యధికంగా ఉండే గేట్ వోల్టేజ్) 5 వోల్ట్‌ల దగ్గర, పక్కదానిది 17 దగ్గర ఉంటుంది. అంటే అదే గేట్ వోల్టేజ్‌కి రెండిట్లో క్యారియర్ల సంఖ్య వేరు. ప్రతి చానెల్‌కీ ముందు డిరాక్ పాయింట్ కనుక్కుని, అక్కణ్ణుంచి సమాన దూరంలో విలువలు తీసుకోండి. మీ ఆక్సైడ్‌కి ఒక వోల్ట్‌కి చదరపు సెంటీమీటర్‌లో సుమారు 7,200 కోట్ల క్యారియర్లు చేరతాయి. 2 లక్షల కోట్లు కావాలంటే 28 వోల్ట్‌లు జరగాలి. గేట్ వోల్టేజ్ స్వీప్ ఎప్పుడూ ఒకే దిశలో, వీలైతే వాక్యూమ్‌లో చేయండి. గాలిలోని తేమ వల్ల పోతూ ఒక డిరాక్ పాయింట్, వస్తూ ఇంకొకటి కనిపిస్తాయి.

ప్రశ్న: అదే గీతని వెనక్కి పొడిగిస్తే అడ్డ అక్షం మీద ట్రాన్స్‌ఫర్ లెంగ్త్‌కి (లోహం అంచు నుంచి కరెంట్ ప్రధానంగా దిగే దూరం) రెండింతలు వస్తుందని పుస్తకాల్లో ఉంది. గ్రాఫీన్‌కీ వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. లోహం కింది పొర, బయటి పొర ఒకే షీట్ రెసిస్టెన్స్‌తో ఉన్నప్పుడే ఆ సూత్రం. ఇక్కడ లోహం తన కింది గ్రాఫీన్‌ని డోప్ చేసేస్తుంది. కరెంట్ రెండు మెట్లు దిగాలి: లోహం నుంచి దాని కింది గ్రాఫీన్‌లోకి, అక్కణ్ణుంచి చానెల్లోకి. పల్లేడియం మీద ఐబీఎం బృందం 2011లో ఈ రెండు మెట్లనీ విడదీసి చూపింది. 6 కెల్విన్ దగ్గర వాళ్లకి వచ్చింది 110 ఓమ్-మైక్రాన్లు, 20 అటూ ఇటూ.

మొదటి మెట్టుకి ట్రాన్స్‌మిషన్ లైన్ మోడల్ చాలు. స్పెసిఫిక్ కాంటాక్ట్ రెసిస్టివిటీని (లోహం, గ్రాఫీన్‌ల మధ్య నిరోధాన్ని వైశాల్యంతో గుణిస్తే వచ్చేది) లోహం కింది షీట్ రెసిస్టెన్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. దాన్ని హైపర్‌బోలిక్ కోటాంజెంట్‌తో హెచ్చించండి. ఆ కోటాంజెంట్ లోపల ఉండేది కాంటాక్ట్ పొడవు, ట్రాన్స్‌ఫర్ లెంగ్త్‌ల నిష్పత్తి. ఉదాహరణకి రెసిస్టివిటీ 5 × 10⁻⁶ ఓమ్-చదరపు సెంటీమీటర్లు, లోహం కింద 500 ఓమ్‌లు అనుకుంటే ట్రాన్స్‌ఫర్ లెంగ్త్ 1 మైక్రాన్. కాంటాక్ట్ 3 మైక్రాన్లుంటే దాదాపు 500 ఓమ్-మైక్రాన్లు, 1 మైక్రాన్ అయితే 656, అర మైక్రాన్ అయితే 1080. కాబట్టి కాంటాక్ట్ పొడవునే మార్చి ఒక వరస తయారు చేసి ఈ వక్రానికి ఫిట్ చేయండి. లోహం కింది విలువ అలా తెలుస్తుంది.

రెండో మెట్టుకి ఒక అడుగు హద్దు ఉంది. క్యారియర్లు చదరపు సెంటీమీటర్‌కి లక్ష కోట్లున్నప్పుడు, క్వాంటమ్ లెక్క ప్రకారం ఒక్కో కాంటాక్ట్‌కి దాదాపు 57 ఓమ్-మైక్రాన్లు తప్పవు. ఆ సాంద్రత దగ్గర మీకు 30 వచ్చిందంటే పై జవాబుకి తిరిగి వెళ్లండి.

ప్రశ్న: క్రోమియం మార్చి టైటానియం వేస్తే కాంటాక్ట్ రెసిస్టెన్స్ తగ్గుతుందా?

జవాబు: లోహం పేరు కన్నా ముందు శుభ్రత చూడండి. డెవలప్ చేశాక కూడా రెసిస్ట్ (నమూనా గీయడానికి పూసే పాలిమర్) పలచని పొరగా మిగులుతుంది, లోహం దాని మీదే కూర్చుంటుంది. ఆక్సిజన్ ప్లాస్మాతో తుడవబోతే గ్రాఫీన్ కూడా పోతుంది. లిఫ్ట్-ఆఫ్ తర్వాత ఆర్గాన్-హైడ్రోజన్‌లో 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనీల్ చేస్తే (వేడి చేసి కాసేపు ఉంచితే) కొంత మేలు. టైటానియంకి ఆక్సిజన్ దాహం ఎక్కువ. వాక్యూమ్ అంతంతమాత్రమైతే వేస్తూండగానే ఆక్సైడ్ అవుతుంది. ఒకే ఛాంబర్‌లో నిన్న బాగా వచ్చి ఇవాళ చెడిపోతోందంటే, డిపాజిషన్‌కి ముందు ప్రెషర్ ఎంత ఉందో లాగ్ పుస్తకంలో చూడండి.