టెక్ సందేహాలు: ఒకే షేరు, ఒకే రోజు, రెండు ధరలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఫోన్ల గురించో ల్యాప్‌టాప్‌ల గురించో కాదు, షేర్ల పాత ధరల గురించి. విడివిడిగా కాకుండా అన్నీ ఒకేచోట చూద్దాం.

ప్రశ్న: డాక్టర్ రెడ్డీస్ పాత ధరలు ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసి ఎక్సెల్‌లో గ్రాఫ్ గీశాను. 2024 అక్టోబరు చివర్లో ఒక్కరోజులో దాదాపు 80 శాతం పడిపోయినట్టు చూపిస్తోంది. నా బ్రోకర్ యాప్‌లో చూస్తే అలాంటి పతనమే లేదు. ఏ డేటా తప్పు? (కూకట్‌పల్లి పాఠకుడు)

జవాబు: ఏదీ తప్పు కాదు. 2024 అక్టోబరు 28న ఆ షేరు స్ప్లిట్ అయింది. ఐదు రూపాయల ముఖవిలువ ఉన్న ఒక్కో షేరు, రూపాయి ముఖవిలువ ఉన్న ఐదు షేర్లుగా మారింది. ఆరు వేలకు పైన ఉన్న ధర పదమూడు వందల చుట్టుపక్కలకి దిగింది. ఐదు వందల నోటు ఇచ్చి ఐదు వంద నోట్లు తీసుకున్నట్టన్నమాట, ఎవరి సొమ్మూ పోలేదు. విచిత్రంగా అదే రోజున రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ కూడా అమల్లోకి వచ్చింది, అంటే ఉన్న ప్రతి షేరుకి ఇంకో షేరు ఉచితం. ఆ షేరు గ్రాఫ్ గీసినా 2,650 ప్రాంతం నుంచి 1,330 ప్రాంతానికి పడినట్టు కనిపిస్తుంది.

ఎక్స్ఛేంజ్ ఇచ్చే ఫైల్లో ఆ రోజు షేరు నిజంగా ఎంతకి చేతులు మారిందో అదే ఉంటుంది. తర్వాత ఏం జరిగినా ఆ అంకెను ముట్టుకోరు. బ్రోకర్ యాప్ మాత్రం స్ప్లిట్‌కి ముందున్న ధరలన్నిటినీ ఐదుతో భాగించి, వాల్యూమ్‌ని, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్యని, ఐదుతో గుణించి చూపిస్తుంది. దీన్నే అడ్జస్టెడ్ ధర అంటారు. యాహూ ఫైనాన్స్‌లో రెండు కాలమ్‌లు కనిపిస్తాయి. ‘క్లోజ్’ అన్నది స్ప్లిట్లకూ బోనస్‌లకూ సర్దిన ధర. ‘అడ్జస్టెడ్ క్లోజ్’లో డివిడెండ్లు కూడా తీసేసి ఉంటాయి. అందుకే పదిహేనేళ్ల కిందటి అడ్జస్టెడ్ క్లోజ్ చూస్తే, ఆ ధరకి ఆ షేరు ఏనాడూ ఎవరికీ దొరకలేదేమో అనిపిస్తుంది. నిజంగానే దొరకలేదు.

కాబట్టి ‘సరైన ధర ఏది’ అని అడిగే ముందు, ‘దేనికోసం’ అని అడగాలి. చార్ట్ చూడటానికైతే స్ప్లిట్‌కి సర్దిన ధర. డివిడెండ్లతో కలిపి ఎంత లాభం వచ్చిందో తెలియాలంటే అడ్జస్టెడ్ క్లోజ్. పన్ను లెక్కకైతే ఎక్స్ఛేంజ్ ఫైల్లో ఉన్న అసలు ధర.

చాలామంది ఇరుక్కునే చోటు ఇంకొకటుంది. నిరుడు దింపుకున్న అడ్జస్టెడ్ ఫైలు కింద ఈ ఏడాది వరసలు అతికిస్తారు. మధ్యలో బోనస్ వచ్చిందంటే పాత చరిత్రంతా కొత్తగా తిరగరాసి ఉంటుంది. మీ దగ్గరున్న సగం పాత లెక్క, అతికించిన సగం కొత్త లెక్క. నేనైతే అసలు ధరలు ఒక షీట్‌లో, స్ప్లిట్లూ బోనస్‌ల తేదీలూ నిష్పత్తులూ ఇంకో షీట్‌లో పెట్టుకుని, సర్దడం ఫార్ములాకి వదిలేస్తాను. అప్పుడు కంపెనీ మళ్లీ బోనస్ ఇచ్చినా ఒక్క వరస చేర్చితే సరిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు 2010లో వంద రిలయన్స్ షేర్లు కొన్నారు. ఇప్పుడు డీమ్యాట్‌లో 400 ఉన్నాయి. అమ్మి చెల్లి పెళ్లికి వాడదామనుకుంటున్నాం. పన్ను లెక్కకి 2018 జనవరి 31 నాటి ధర కావాలంటున్నారు. యాప్‌లో చార్ట్ వెనక్కి జరిపి చూసుకుంటే చాలా? (మలక్‌పేట పాఠకురాలు)

జవాబు: చాలదండీ. ఆ చార్ట్ నమ్ముకుంటే పన్ను ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఆ రోజు ఎక్స్ఛేంజ్‌లో రిలయన్స్ ధర 960 ప్రాంతంలో ఉంది. ఇప్పటి చార్ట్‌లో సగానికి తగ్గి కనిపిస్తుంది, కారణం 2024 బోనస్‌కి సర్దడం. ఆ తేదీకి ముందే చేతికొచ్చిన షేర్లకి, లాభం లెక్కలో కొన్న ధర బదులు ఆనాటి ధర పెట్టుకునే ఊరట ఉంది. అందుకు చట్టం అడిగేది ఆ రోజు ఎక్స్ఛేంజ్‌లో పలికిన గరిష్ఠ ధర. క్లోజింగ్ ధర కాదు, సగటు కాదు. ఎన్‌ఎస్‌ఈ సైట్‌లో హిస్టారికల్ డేటా పేజీలో సింబల్ (ఎక్స్ఛేంజ్‌లో కంపెనీకి వాడే పొట్టి పేరు), సిరీస్ ‘ఈక్యూ’, తేదీ ఎంచుకుంటే వచ్చే ‘హై’ కాలమ్ చూడండి. బీఎస్‌ఈ సైట్‌లో కూడా దొరుకుతుంది.

ఇక మీ 400 షేర్లు పన్ను దృష్టిలో ఒకే రకం కావు. మొదటి వంద నాన్నగారు కొన్నవి. రెండో వంద 2017 సెప్టెంబరు బోనస్‌వి. వాటి కొనుగోలు ధర సున్నా అయినా, 2018 జనవరి 31కి ముందే చేతికొచ్చాయి కాబట్టి ఆనాటి గరిష్ఠ ధర వాటికీ వర్తిస్తుంది. మిగతా రెండు వందలు 2024 అక్టోబరు బోనస్. వీటి కొనుగోలు ధర సున్నా, దానికి తిరుగులేదు. స్ప్లిట్ అయితే పాత ఖర్చు కొత్త షేర్లకి పంచుతారు, బోనస్ అయితే పంచరు. చార్ట్ గీసే సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడాతో పనిలేదు, రెండిటినీ ఒకే భాగహారంతో సర్దేస్తుంది. ఆదాయపు పన్ను శాఖకి మాత్రం ఇదే ముఖ్యం.

డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క. అంటే మీరు 200 అమ్మితే పాత రెండు వందలే పోతాయి, వాటికి 2018 ధర ఊరట ఉంది. లాంగ్‌టర్మ్ లాభంలో (ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మిన షేర్ల మీద వచ్చేది) ఏడాదికి 1,25,000 రూపాయల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. పెళ్లి ముహూర్తం మార్చి 31కి అటూ ఇటూ ఉంటే రెండు ఆర్థిక సంవత్సరాల్లో అమ్ముకోవడం గురించి ఆలోచించండి. ఇంకో మెలిక: 2023 జులైలో జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు నాన్నగారికి ఆ షేర్లు కూడా వచ్చి ఉండాలి. పాత కొనుగోలు ఖర్చులో 95.32 శాతం రిలయన్స్‌కి, 4.68 శాతం జియో ఫైనాన్షియల్‌కి పంచాలని కంపెనీ చెప్పింది. బ్రోకర్ ఇచ్చే పన్ను స్టేట్‌మెంట్‌లో ఇవన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని, ఆ కాగితంతోనే ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: తాతగారు 1994లో హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొన్న షేర్లున్నాయి. ఆ ఎక్స్ఛేంజ్ పాత ధరలు నెట్‌లో ఎక్కడ దొరుకుతాయి? (హిమాయత్‌నగర్ పాఠకుడు)

జవాబు: 1943లో పుట్టిన మన ఎక్స్ఛేంజ్ 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. దాని ధరల కోసం వెతికి అలసిపోకండి. షేర్లు ఇప్పటికీ లిస్టయి ఉండి, ఎక్స్ఛేంజ్‌లోనే అమ్ముతున్నారంటే చాలావరకు మీకు 1994 ధరతో పనే పడదు. పై జవాబులో చెప్పిన 2018 ధర సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాగితం సర్టిఫికెట్లయితే ముందు డీమ్యాట్ చేయించండి.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసిన ధరల సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే సగం తేదీలు కుడివైపు, సగం ఎడమవైపు ఉంటున్నాయి. క్రమంలో పెడితే అంతా గందరగోళం. (ఏఎస్ రావు నగర్ పాఠకుడు)

జవాబు: మీ విండోస్ అమెరికా పద్ధతిలో ఉంది. ఏప్రిల్ 3ని మార్చి 4గా చదువుకుంటోంది. 12 దాటిన రోజుల్ని నెలగా చదవలేక మామూలు అక్షరాలుగా వదిలేసింది, ఎడమవైపు ఉన్నవి అవే. ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెచ్చుకుని, తేదీ కాలమ్‌కి రోజు, నెల, సంవత్సరం అన్న వరస చెప్పండి. శనివారం వరస కనిపిస్తే తీసేయకండి. 2025 ఫిబ్రవరి 1 శనివారమే, బడ్జెట్ కోసం మార్కెట్ తెరిచారు.

గూగుల్ షీట్స్‌లో ‘గూగుల్‌ఫైనాన్స్’ ఫంక్షన్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. అది తేదీతోపాటు 15:30 అన్న సమయం కూడా ఇస్తుంది. అందుకే తేదీ పెట్టి ‘వీలుకప్’ (VLOOKUP) ఫంక్షన్‌తో వెతికితే దొరకదు. ముందు ‘ఇంట్’ (INT) ఫంక్షన్‌తో సమయం కోసేయండి.

ప్రశ్న: ఇప్పటి నిఫ్టీ 50 కంపెనీల ఇరవై ఏళ్ల ధరలు తీసుకుని పైథాన్‌లో బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద పెట్టుబడి పద్ధతిని పరీక్షించే ప్రోగ్రామ్) రాశాను. ఫలితం నమ్మలేనంత బాగుంది. నిజమేనా? (గచ్చిబౌలి విద్యార్థి)

జవాబు: నమ్మకండి. ఈ ఊళ్లో ఉండి ఆ పొరపాటు చేయకూడదు కూడా. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఒక్కరోజులో 179 రూపాయల నుంచి 40 లోపుకి పడింది. ఇది స్ప్లిట్ కాదు, నిజంగా ఆవిరైన డబ్బు. అప్పటికి సత్యం నిఫ్టీలో ఉంది. మీ ప్రోగ్రామ్ 2008లో నిఫ్టీ కొన్నానని చెబుతోంది గానీ, సత్యం కొననే లేదు. ఎందుకంటే ఇప్పటి జాబితాలో ఆ పేరే లేదు, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. గెలిచి మిగిలినవాటిని మాత్రమే ఎంచి పరీక్ష పెడితే ఎవరికైనా మంచి మార్కులే వస్తాయి. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం జాబితా వాడాలి. పోల్చేది కూడా మామూలు నిఫ్టీతో కాదు, డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తో పోల్చండి.

సింబల్ మారిన కంపెనీలు కూడా చూసుకోండి. జొమాటో ఇప్పుడు ఎటర్నల్. అమరరాజా బ్యాటరీస్ కొత్త సింబల్‌లో ‘అండ్’ (&) గుర్తు ఉంది, దాన్ని ఎన్‌కోడ్ చేయకుండా లింకులో పెడితే ప్రోగ్రామ్‌కి డేటా రాదు. ఒక్కో షేరుకి గుర్తింపుగా ఇచ్చే ఐసిన్ (ISIN) నంబరు అయినా స్థిరం అనుకోకండి, స్ప్లిట్ అయినప్పుడు అదీ మారుతుంది.

ప్రశ్న: అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇరవై ఏళ్ల డేటా పెన్‌డ్రైవ్‌లో 4,000 రూపాయలకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (ఎస్ఆర్ నగర్ పాఠకుడు)

జవాబు: రోజువారీ ధరలకైతే రూపాయి కూడా ఇవ్వకండి. ఎన్‌ఎస్‌ఈ ప్రతిరోజూ పెట్టే భావ్‌కాపీ ఫైళ్లు (ఆ రోజు షేర్ల ధరల జాబితా) ఉచితం. నిమిషాల లెక్కన కావాలంటే బ్రోకర్ల ఏపీఐ (ప్రోగ్రామ్‌తో నేరుగా డేటా తెచ్చుకునే దారి) ద్వారా తీసుకోవడం మేలు. అయినా కొనాలనిపిస్తే అక్కడే ల్యాప్‌టాప్‌లో పెట్టించి రెండు చూడండి. రిలయన్స్ 2024 అక్టోబరు 25 ధర 2,600 దాటి ఉందా, 1,300 దగ్గర ఉందా? మొదటిదైతే అసలు ధరలు, రెండోదైతే సర్దినవి. ఏవి అమ్ముతున్నారో వాళ్లకే తెలియకపోతే లేచి వచ్చేయండి. రెండోది, సత్యం వరసలు ఉన్నాయా? ఇక ఫైలు తెరవగానే మాక్రోలు (ఫైల్లోనే దాగి ఉండే చిన్న ప్రోగ్రామ్‌లు) ఆన్ చేయమంటే మాత్రం మీ ట్రేడింగ్ లాగిన్ ఉన్న కంప్యూటర్‌లో అసలు తెరవకండి.