పాత పోర్షేకి 17,800 యూరోలు పెట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఎనిమిదేళ్లుగా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య బెర్లిన్‌లో పరిశోధన ఉద్యోగంలో ఉంది. నెలకు రెండుసార్లు కారులో వెళ్లి వస్తాను. నా దగ్గర 1999 పోర్షే 911 కరెరా ఉంది. 3.4 లీటర్ల ఇంజన్, మాన్యువల్ గేర్లు. ఇప్పటికి 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. చిన్నప్పటి నుంచీ కల కన్న బండి ఇది. ఆటోబాన్ (జర్మనీ హైవే) మీద ఇంకా వేగంగా, అలసట లేకుండా వెళ్లేలా మార్పించుకోవాలని ఉంది. ఒక వర్క్‌షాప్ ఇచ్చిన అంచనా ఇది: సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి శక్తి పెంచే పరికరం) 9,200, పెద్ద బ్రేకులు 2,900, కాయిలోవర్ సస్పెన్షన్ 2,600, టైర్లతో సహా 19 అంగుళాల చక్రాలు 2,100, ఎగ్జాస్ట్ 1,000. మొత్తం 17,800 యూరోలు. హైదరాబాద్ బ్యాంకులో 13 లక్షల ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల) డిపాజిట్ ఉంది, ఏడు నెలల్లో గడువు తీరుతుంది. దాన్ని ఇప్పుడే తీసేసి, మిగతాది 5,000 యూరోల లోన్‌తో సర్దుదామని ఆలోచన. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 6,750 వస్తాయి, ఖర్చు 4,600. ఇండెక్స్ ఫండ్ సిప్‌లు, గుంటూరులో అమ్మానాన్నలకు పంపేవి పోగా నెలకు 900 మిగులుతుంది. సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి. రెండేళ్లలో ఇల్లు కొనాలనుకుంటున్నాం. నా భార్య కాంట్రాక్టు ఇంకో 16 నెలలు ఉంది. ఈ ఖర్చు తప్పంటారా?

జవాబు: ఖర్చు తప్పు కాదండి. చిన్నప్పటి కలను సొంత సంపాదనతో తెచ్చుకుని, దాన్ని షెడ్డులో దాచకుండా రోడ్డు మీద నడుపుతున్నారు. అది నాకు నచ్చింది. ఆ బండి అమ్మేసి చిన్న కారు కొనుక్కోమని నేను చెప్పను. కానీ మీ జాబితాలోని వరుస తప్పు. ఆ డబ్బు తెస్తున్న చోటు అంతకంటే పెద్ద తప్పు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివర్లో మామూలుగా రాసేసిన మాట: కాంట్రాక్టు ఇంకో 16 నెలలు. జర్మనీలో పరిశోధన ఉద్యోగాలు ఎక్కువగా గడువున్న కాంట్రాక్టులే. ఆ గడువు తీరాక ఆవిడ స్టుట్‌గార్ట్ వైపు రావచ్చు, ఇద్దరూ మ్యూనిక్‌లో కలవచ్చు, లేదా మీరే బెర్లిన్ వెళ్లవచ్చు. ఏది జరిగినా నెలకు రెండుసార్లు 630 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాల్సిన అవసరం ఉండదు. అంటే ఈ మార్పులు మీకు పనికొచ్చేది 32 ప్రయాణాలకు. 17,800ను 32తో భాగించి చూడండి. పెట్రోలు కాకుండానే రానుపోను ఒక్కో ప్రయాణానికి 556 యూరోలు పడుతోంది. అదే సమయంలో ఆవిడ జీతం కొన్నాళ్లు ఆగిపోయే అవకాశం కూడా ఉంది. మీ ఇంట్లో నగదు బాగా అవసరమయ్యే నెలలు అవే.

మీ ఇంటి ఖర్చు 4,600 అయితే మూడు నెలలకు 13,800 చేతిలో ఉండాలి. ఉన్నది 9,000. 4,800 తక్కువ. ఈ లోటు ఉండగా లోన్ తీసుకుని సూపర్‌చార్జర్ వేయించడం నాకు భయంగా అనిపిస్తుంది.

డిపాజిట్ సంగతి కూడా చూద్దాం. గడువుకు ముందే తీస్తే, డిపాజిట్ నిజంగా ఉన్న కాలానికి వర్తించే రేటే ఇస్తారు, అందులోంచి పెనాల్టీ కూడా తీసేస్తారు. ఏడు నెలలు ఆగితే మొత్తం వడ్డీ వస్తుంది. ఇంకో విషయం, చాలామంది మనవాళ్లు పట్టించుకోనిది: ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కానీ, జర్మనీలో నివాసం ఉన్నవాళ్లకు అక్కడ పన్ను ఉంది. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఏడాదికి 2,000 యూరోల వరకు పెట్టుబడి ఆదాయానికి మినహాయింపు ఇస్తారు. మీ ఇండెక్స్ ఫండ్ల ఆదాయం కూడా ఆ 2,000లోకే వస్తుంది. ఈ వడ్డీని ఇన్నాళ్లూ రిటర్నులో చూపించకపోతే, ముందు ఒక టాక్స్ సలహాదారును కలవండి. ఈ డిపాజిట్ మీ ఇంటి డబ్బు. దాన్ని కారు వైపు రానివ్వకండి.

లోన్‌కు మీకు చెప్పిన రేటు రాయలేదు. 7.5 శాతం, నాలుగేళ్లు అనుకుంటే నెలకు 121 యూరోలు కట్టాలి, వడ్డీయే 800 దాకా అవుతుంది. వడ్డీ కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ లోన్ మీ షూఫా రికార్డులో, అంటే జర్మనీలో మీ అప్పుల చరిత్రలో, కనిపిస్తుంది. రెండేళ్లలో గృహ రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు మీ నెల వాయిదాలన్నీ లెక్కేసుకుంటుంది.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేయించేవారు. దూరపు లోడు ఎత్తే ముందు ఆయన కమాన్ కట్టలు, టైర్లు, బ్రేకులు, రేడియేటర్ చూసుకునేవారు. రంగులు, హారన్లు ఆ తర్వాతే. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఏ బండికైనా ఆ వరుస మారదు.

మీ కారు కొత్తగా ఉన్నప్పుడే 300 హార్స్‌పవర్, గంటకు 280 కిలోమీటర్లు వెళ్లేది. దానికి శక్తి తక్కువై మీరు ఆలస్యంగా చేరడం లేదు. రోడ్డు పనులు, వేగపరిమితులు, ట్రాఫిక్, శుక్రవారం సాయంత్రం నూరెంబర్గ్ దగ్గర ఆగిపోవడం, వీటి వల్ల ఆలస్యం అవుతోంది. 630 కిలోమీటర్లలో మీ సగటు వేగం 110 నుంచి 120కి పెరిగిందనుకుందాం. మిగిలేది అరగంట. ఆ అరగంట కోసం ఖాళీ రోడ్డు దొరికిన ప్రతిచోటా 200 తొక్కాలి. 130తో పోలిస్తే 200 దగ్గర గాలి ఎదురుబలం దాదాపు 2.4 రెట్లు. వంద కిలోమీటర్లకు నాలుగు లీటర్లు అదనంగా తాగిందనుకోండి, మీరు తిరిగే 30,000 కిలోమీటర్లకు ఏడాదికి 1,200 లీటర్లు. లీటరు 1.80 అనుకుంటే 2,100 యూరోలు దాటుతుంది.

సూపర్‌చార్జర్ అంటే పాత ఇంజన్ మీద అదనపు వేడి, అదనపు ఒత్తిడి. మీ కారు తరం 911లలో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి మధ్య షాఫ్టును మోసే బేరింగ్) సమస్య మీరు వినే ఉంటారు. అది లోపల విరిగిందంటే ఇంజన్ మొత్తం పోయినట్టే, మళ్లీ కట్టించాలంటే ఐదంకెల యూరోలు. 2000కి ముందు వచ్చిన ఇంజన్లలో ఎక్కువగా రెండు వరుసల బేరింగ్ ఉంటుంది, తర్వాత వచ్చిన ఒంటి వరుస దానికంటే అది గట్టిది. అయినా 2,10,000 దాటాక అదృష్టం మీద వదిలేయకూడదు. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. క్లచ్ మార్చేటప్పుడు కూడా గేర్‌బాక్స్ దించాల్సిందే కాబట్టి క్లచ్, బేరింగ్, వెనక ఆయిల్ సీల్ మూడూ ఒకేసారి చేయించండి. కూలీ ఒకసారే పడుతుంది.

దానికంటే ముందు 500 యూరోల లోపు ఒక పరీక్ష. ఆయిల్ ఫిల్టర్ కోసి అందులో లోహపు తునకలు ఉన్నాయేమో చూడాలి. సిలిండర్లలోకి కెమెరా పంపి గోడల మీద గీతలు ఉన్నాయేమో చూడాలి. సిలిండర్ల నుంచి గాలి ఎంత లీకవుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ చేయించాలి. దీని ఫలితం రాకముందు ఒక్క పార్టు కూడా కొనకండి.

ఇంజన్ బాగుందని తేలితే కూలింగ్ తప్పక చూడాలి. ఈ కారు రేడియేటర్లు ముందు బంపర్ మూలల్లో ఉంటాయి. ఏళ్ల తరబడి ఆకులు, చెత్త అందులో ఇరుక్కుంటాయి. బంపర్ విప్పి శుభ్రం చేయించి, వాటర్ పంపు, థర్మోస్టాట్, పాత గొట్టాలు మార్పించండి. వేగంగా గంటల తరబడి నడిచే ఇంజన్‌కు ఇంతకంటే మంచి మార్పు లేదు.

సస్పెన్షన్‌కు కాయిలోవర్లు వద్దు. బండిని కిందికి దించి గట్టిగా చేస్తే రేస్ ట్రాక్‌కు బాగుంటుంది. ఆరు గంటల ప్రయాణానికి నడుము నొప్పే మిగులుతుంది. ఒరిజినల్ ఎత్తులోనే మంచి కొత్త షాక్ అబ్జార్బర్లు, అరిగిన ఆర్మ్‌లు, బుష్‌లు వేయించి వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే ఆ కారు కొత్తదానిలా నిలబడుతుంది. బ్రేకులకు కొత్త డిస్కులు, ప్యాడ్‌లు, గొట్టాలు, తాజా బ్రేక్ ఆయిల్ చాలు. టైర్ల దగ్గర మాత్రం పైసా తగ్గించకండి. 280 వెళ్లగల బండికి డబ్ల్యూ రేటింగ్ సరిపోదు, అది 270 వరకే. వై రేటింగ్ ఉన్నవే తీసుకోండి. చక్రాలు మీ పాత 17 అంగుళాలవే ఉంచండి. టైరు గోడ ఎత్తుగా ఉంటే ప్రయాణం మెత్తగా ఉంటుంది, ధర కూడా తక్కువ. ఎగ్జాస్ట్ డబ్బులో సగంతో డ్రైవర్ సీటు ఫోమ్ మార్పించి, నడుముకు ఆనుకునేలా సరిచేయించుకోండి. అలసట ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

జర్మనీలో మార్పు అంటే చట్టం కూడా చూసుకోవాలి. ఆమోదం లేని పార్టులు వేసి టీయూవీ లాంటి సంస్థతో తనిఖీ చేయించి నమోదు చేయించకపోతే బండికి రోడ్డు అనుమతే రద్దు కావచ్చు. బీమా కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం జరిగినప్పుడు ఎదుటివాళ్లకు చెల్లించిన దాంట్లో 5,000 యూరోల వరకు మీ దగ్గర వసూలు చేసే హక్కు దానికి ఉంటుంది. సొంత బండి నష్టం సంగతి వేరే. వేగం విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోండి. ఆటోబాన్ మీద 130 అనేది 1978 నుంచి నిబంధనల్లో ఉన్న సిఫార్సు వేగం. దాటితే జరిమానా లేదు. కానీ 1992లో జర్మనీ సుప్రీం కోర్టు లాంటి బీజీహెచ్ ఇచ్చిన తీర్పు ప్రకారం, 130 దాటి వెళ్తుండగా ప్రమాదం జరిగితే, తప్పు ఎదుటివాళ్లదే అయినా నష్టంలో కొంత భాగం మీ మీద పడవచ్చు. 130లో ఉన్నా అదే జరిగేదని మీరు నిరూపించుకోవాలి. 200లో వెళ్తున్నవాళ్లకు అది కష్టం. కాబట్టి పూర్తి బీమా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి, బండి విలువకు నిపుణుడి సర్టిఫికెట్ తీయించండి.

మీ బండిని ఒరిజినల్‌గా ఉంచడానికి డబ్బు కోణంలో ఇంకో మంచి కారణం ఉంది. 2029లో దానికి 30 ఏళ్లు నిండుతాయి. అప్పుడు చరిత్రాత్మక వాహనంగా హెచ్ నంబర్ ప్లేట్‌కు అర్హత వస్తుంది, వాహన పన్ను ఏడాదికి సుమారు 191 యూరోలకు స్థిరపడుతుంది. ఆ గుర్తింపుకు బండి ఒరిజినల్ స్థితికి దగ్గరగా ఉండాలి. కొత్త సూపర్‌చార్జర్, 19 అంగుళాల చక్రాలు దానికి అడ్డం వస్తాయి. అమ్మేటప్పుడు కూడా పాత 911 కొనేవాళ్లు మార్పులు లేని బండినే వెతుక్కుంటారు. తీసిన ఒరిజినల్ పార్టులు ఏవైనా ఉంటే సెల్లార్‌లో జాగ్రత్తగా దాచండి.

మరి డబ్బు? మీకు మిగిలే 900లో 400 అత్యవసర నిధికి, 500 కారుకు పక్కన పెట్టండి. ఏడాదిలో నిధి 13,800 అవుతుంది, కారుకు 6,000 వస్తుంది. మొదటి నెల పరీక్ష, రెండు మూడు నెలల్లో టైర్లు, తర్వాత బ్రేకులు, కూలింగ్. క్లచ్, బేరింగ్ పని డబ్బు పోగయ్యాక. షాక్ అబ్జార్బర్లు ఆఖర్న. ప్రతి పనికీ రెండు మూడు చోట్ల రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. 6,000లో అన్నీ పట్టకపోతే చివరివి వచ్చే ఏడాదికి జరపండి. ఇండెక్స్ ఫండ్ సిప్‌లు మాత్రం ఆపకండి.

క్లచ్ పని అయ్యేదాకా నెలకు రెండు ప్రయాణాల్లో ఒకటి రైల్లో వెళ్లగలరా? స్టుట్‌గార్ట్ నుంచి బెర్లిన్‌కు ఐసీఈ అనే వేగవంతమైన రైల్లో ఆరు గంటల లోపే. ముందుగా బుక్ చేసుకుంటే పెట్రోలు ఖర్చు కంటే తక్కువే కావచ్చు. పాత ఇంజన్ మీద ఏడాదికి 15,000 కిలోమీటర్లు తగ్గుతాయి.

ఒకవేళ కెమెరాలో సిలిండర్ గోడల మీద గీతలు కనిపిస్తే, ఫిల్టర్‌లో లోహం దొరికితే, ఈ పథకం అంతా ఆపేయండి. అప్పుడు టైర్లు కూడా కొనొద్దు. బండి ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మడమా, ఇల్లు కొన్నాక తీరిగ్గా ఇంజన్ కట్టించుకోవడమా అనేది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఆ రిపోర్టు చేతికి రాగానే నాకు పంపండి, అప్పటి అంకెలతో మళ్లీ లెక్క వేద్దాం.