సైజు తగ్గిస్తే సరిపోతుందా?

ప్రశ్న: సైన్యంలో మహిళలకు మగవారి బులెట్‌ప్రూఫ్ కవచాన్నే చిన్న సైజులో ఇస్తే సరిపోదా? శిక్షణలోనూ తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: సరిపోదండి. అమెరికా సైన్యంలో చాలాకాలం అలాగే నడిచింది. భుజాల దగ్గర వెడల్పుగా, నిడివి ఎక్కువగా ఉండే ఆ కవచం తొడుక్కుని మహిళలు వాహనంలో కూర్చుంటే అది పైకి జరిగి గడ్డానికి తగిలేది. తుపాకీ మడమను భుజానికి ఆనించడం కష్టమయ్యేది. కవచంలో పక్కల ఉండే గట్టి పలకలు తుంటి ఎముకలను ఒరుసుకునేవి. గురి కుదరని సైనికురాలికి కవచం ఉండీ ఏం లాభం? అందుకే నిడివి తగ్గించి, భుజాలు సన్నం చేసి, ఎద దగ్గర ఒంపుగా కుట్టిన కవచాన్ని 2012లో అక్కడి సైన్యంలోని 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ అనే దళం మహిళలకు ఇచ్చి పరీక్షించారు.

శిక్షణ సంగతికొస్తే, బ్రిటన్ వాయుసేనలో మగవారితో సమానంగా 30 అంగుళాల అడుగు వేయిస్తూ కవాతు చేయించడం వల్ల తమ కటి ఎముకలు దెబ్బతిన్నాయని ముగ్గురు మాజీ ఉద్యోగినులు దావా వేయగా, 2013లో అక్కడి రక్షణ శాఖ వారికి పరిహారం చెల్లించింది. నా దృష్టిలో ఇది కొత్త పరికరాలేవీ అక్కర్లేని సమస్య. పొట్టివారిని ముందు వరుసలో నిలిపి, వారి అడుగుకు మిగిలినవారు అడుగు కలిపేలా చేస్తే చాలు. ఉత్తీర్ణత ప్రమాణాల జోలికి వెళ్లనవసరమే లేదు.